స్కాన్ రిపోర్టులో ‘కచ్చితంగా చెప్పలేం’ అని వస్తే ఏం చేయాలి?

క్యాన్సర్ చికిత్స పూర్తయి ఫాలో-అప్‌లో ఉన్నవారి నుంచి నాకు పదే పదే వస్తున్న ప్రశ్న ఇది. స్కాన్ తీయించుకున్నారు, రిపోర్టు చేతికొచ్చింది, అందులో జబ్బు తిరగబెట్టిందనీ రాయలేదు, తిరగబెట్టలేదనీ రాయలేదు. ‘ఇండిటర్మినేట్’, ‘ఈక్వివోకల్’, ‘నాన్‌స్పెసిఫిక్’ వంటి మాట ఏదో ఒకటి ఉండి, చివర ‘మూడు నెలల తర్వాత మళ్లీ స్కాన్ చేయించవలసింది’ అని ముగుస్తుంది. ఆ మూడు నెలలు ఎలా గడపాలో, ఈలోగా చేయవలసిన పని ఏమైనా ఉందో ఏ రిపోర్టూ చెప్పదు.

నేను వైద్యుణ్ని కాను. ఇలాంటి రిపోర్టులు రెండుసార్లు అందుకుని, ఒకసారి అనవసరంగా హడలిపోయి, మరోసారి అడగవలసినది అడగక ఆరు వారాలు పోగొట్టుకున్న మనిషిని. కాబట్టి కింద రాసినవాటిని మీ డాక్టరు మాటకు బదులుగా తీసుకోకండి. ఆ మాటను సరిగ్గా రాబట్టుకోవడానికి వాడుకోండి. అస్పష్టమైన రిపోర్టును నేను ఇంకా పూర్తికాని పరీక్షగానే చూస్తాను. దాన్ని పూర్తిచేయాలంటే ఒక స్పష్టమైన ప్రశ్న, ఒక తేదీ, జవాబు చెప్పవలసిన ఒక మనిషి ఉండాలి. ఈ మూడూ కుదిరేలా చూసుకోవడం మీ చేతిలో ఉన్న పని.

ముందుగా: ఈ లక్షణాలుంటే తర్వాతి స్కాన్ దాకా ఆగవద్దు

రిపోర్టులో ‘మూడు నెలలు’ అని ఉన్నా, కింది వాటిలో ఏది కనిపించినా ఆ గడువు చెల్లదు.

- వెన్నునొప్పితో పాటు కాళ్లు పట్టుతప్పడం, తిమ్మిర్లెక్కడం, మలమూత్రాలపై అదుపు పోవడం. వెన్నుపాముపై ఒత్తిడి పడుతున్నప్పుడు ఇలా జరుగుతుంది. ఆలస్యమైతే నడక తిరిగి రాకపోవచ్చు కనుక అదే రోజు, అర్ధరాత్రయినా సరే, అత్యవసర విభాగానికి వెళ్లాలి.
- మూర్ఛ, ఉన్నట్టుండి మాట తడబడటం, వాంతులతో కూడిన కొత్త తలనొప్పి.
- హఠాత్తుగా ఆయాసం, దగ్గులో రక్తం, కళ్లు పచ్చబడటం.
- కీమోథెరపీ ఇటీవలే ముగిసినా, ఇంకా నడుస్తున్నా, 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరిన జ్వరం.

రాత్రి నిద్రలేపే ఎముక నొప్పి, కారణం లేకుండా తగ్గుతున్న బరువు, రెండు మూడు వారాలుగా తగ్గని దగ్గు వంటివాటికి అత్యవసర విభాగం అక్కర్లేదు కానీ, మీ ఆంకాలజిస్టుకు ఆ వారంలోనే ఫోన్ చేసి చెప్పాలి. అస్పష్టమైన మచ్చ ఉన్నచోటే కొత్త లక్షణం మొదలైతే స్కాన్ తేదీని ముందుకు జరపమని అడగడంలో తప్పు లేదు.

దగ్గర ఉంచుకోవలసినవి

- చికిత్సకు ముందు తీసిన మొదటి స్కాన్ నుంచి ఇప్పటిదాకా వచ్చిన రిపోర్టులన్నీ, తేదీల వరుసలో.
- ఆ స్కాన్ల అసలు బొమ్మలు, అంటే డైకామ్ ఫైళ్లు, సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో. ఫిల్మును కిటికీ దగ్గర పట్టుకుని ఫోన్‌తో తీసిన ఫొటోలు కొలతలకు పనికిరావు.
- బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ వివరాలు, రేడియేషన్ ఏ భాగానికి ఎప్పటి నుంచి ఎప్పటిదాకా ఇచ్చారో తెలిపే కాగితం.
- ట్యూమర్ మార్కర్లు, అంటే క్యాన్సర్ జాడ కోసం చేసే రక్తపరీక్షలు, చేయిస్తూ ఉంటే (సీఈఏ, సీఏ-125, పీఎస్ఏ వంటివి) వాటి పాత విలువలన్నీ.
- ఒక నోటుపుస్తకం, డాక్టరు దగ్గరికి మీతో వచ్చి రాసుకోగల ఒక మనిషి. చెప్పింది సగం మాత్రమే చెవికెక్కే రోజులివి కాబట్టి ఆ రెండో మనిషి అవసరాన్ని తక్కువ చేయవద్దు.

1. రిపోర్టును కింది నుంచి కాక, పై నుంచి చదవండి

అందరమూ ముందుగా చివరనున్న ‘ఇంప్రెషన్’, అంటే సారాంశం, దగ్గరికే పరిగెత్తుతాం. అంతకంటే ముందు చూడవలసిన వరుస ‘కంపారిజన్’. పాత స్కాన్ తేదీ అక్కడ ఉంటే, రేడియాలజిస్టు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశారని అర్థం. ‘నన్’ అనో, ‘నాట్ అవైలబుల్’ అనో ఉంటే, కనిపించిన మచ్చ నిన్నటిదో, పదేళ్ల నాటిదో ఆయనకు తెలిసే వీలే లేదు. అప్పుడు మీ రిపోర్టులోని అస్పష్టత మీ శరీరానిది కాకపోవచ్చు, కాగితాలదే కావచ్చు.

కొన్ని మాటలకు రిపోర్టుల్లో ఉండే అర్థం వేరు, మనకు తోచే అర్థం వేరు. ‘అన్‌రిమార్కబుల్’ అంటే ఆ అవయవం మామూలుగా ఉందని. ‘క్లినికల్ కోరిలేషన్’ అంటే బొమ్మను మీ లక్షణాలతో, చికిత్స చరిత్రతో పోల్చి చూడమని మీ డాక్టరుకు చెప్పడం. దాని వెనుక ఏదో దాచారని అనుకోవద్దు. ‘టూ స్మాల్ టు క్యారెక్టరైజ్’ అన్నది కాలేయం విషయంలో తరచూ కనిపిస్తుంది. సెంటీమీటరు కంటే చిన్న మచ్చ ఏమిటో సీటీ తేల్చలేదని దాని భావం. క్యాన్సర్ వచ్చినవారిలో కూడా అలాంటి చిన్న మచ్చల్లో ఎక్కువ శాతం నీటి తిత్తులో, రక్తనాళాల ముద్దలో అయి ఉంటాయి. ‘సస్పీషియస్’ మాత్రం వీటన్నిటికంటే బరువైన మాట. అది కనిపిస్తే మూడు నెలల గడువు ఎందుకిచ్చారో తప్పకుండా అడగాలి.

రొమ్ము స్కాన్లలో మాటలకు బదులు బై-రాడ్స్ అంకెలు ఉంటాయి. 0 అంటే పరీక్ష అసంపూర్ణం, మరికొన్ని బొమ్మలు కావాలని. 3 అంటే దాదాపుగా హానిలేనిది, క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదని. సాధారణంగా ఆరు నెలలకు మళ్లీ చూస్తారు. 3 చూసి అది మూడో స్టేజీ అనుకుని కుప్పకూలినవారు ఉన్నారు. ఈ అంకెకూ స్టేజీకీ సంబంధం లేదు.

2. కొలతల పట్టిక మీరే తయారుచేసుకోండి

నోటుపుస్తకంలో ఒక పేజీని నిలువుగా ఐదు గళ్లు చేయండి: తేదీ, ఏ స్కాన్, ఎక్కడ, ఎంత, రేడియాలజిస్టు వాడిన మాట. ఒక్కో మచ్చకు ఒక్కో పేజీ ఇవ్వండి. గంటలో అయిపోయే ఈ పని, తర్వాత డాక్టరు గదిలో పది నిమిషాలు మిగులుస్తుంది.

రాసేటప్పుడు అన్నిటినీ మిల్లీమీటర్లలోకి మార్చి రాయండి. నేను హడలిపోయింది ఇక్కడే. పాత రిపోర్టులో ‘0.6’ అని, కొత్తదానిలో ‘6’ అని ఉంది. ఆ రాత్రంతా ఊపిరితిత్తిలోని మచ్చ పదింతలైందనుకుంటూ కూర్చున్నాను. తెల్లవారి వెలుతురులో చూస్తే మొదటిది సెంటీమీటర్లలో, రెండోది మిల్లీమీటర్లలో ఉంది. మచ్చ పెరగనే లేదు.

ఇదే పేజీలో జరిగే పొరపాట్లు ఇంకా ఉన్నాయి. లింఫ్ గ్రంథిని ‘14 × 8 మి.మీ.’ అని ఒకసారి, ‘8 మి.మీ.’ అని మరోసారి రాస్తారు. రెండూ ఒకటే కావచ్చు, ఎందుకంటే గ్రంథుల విషయంలో లెక్కలోకి తీసుకునేది పొట్టి వైపు కొలతను. అది 10 మి.మీ. లోపు ఉంటే పరిమాణం దృష్ట్యా మామూలుగానే పరిగణిస్తారు. ఒక మిల్లీమీటరు తేడాను కూడా పెరుగుదలగా లెక్కించకండి. ఒకే బొమ్మను ఇద్దరు కొలిచినా, ఒకరే రెండుసార్లు కొలిచినా ఆ మాత్రం తేడా వస్తుంది; చిన్న నాడ్యూల్ (ఉండలా కనిపించే మచ్చ) పెరిగిందనడానికి కనీసం 2 మి.మీ. మార్పు ఉండాలన్నది రేడియాలజిస్టులు సాధారణంగా పాటించే లెక్క. స్కాన్‌ను 5 మి.మీ. మందం పొరలుగా ఒకసారి, 1 మి.మీ. పొరలుగా మరోసారి తీస్తే, మొదటిదానిలో దొరకని చిన్న మచ్చ రెండోదానిలో ‘కొత్తగా’ కనిపించనూ వచ్చు.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే పొరపాటు మరొకటి ఉంది, అది అరుదు కానీ ప్రమాదకరం. ప్రతి రిపోర్టూ దానికి ముందున్న ఒక్క రిపోర్టుతోనే పోల్చుకుంటూ పోతే, 5, 6, 7, 8 అని నిదానంగా పెరిగే మచ్చకు ప్రతిసారీ ‘చెప్పుకోదగ్గ మార్పు లేదు’ అన్న మాటే దొరుకుతుంది. మొదటి అంకెనూ చివరి అంకెనూ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ విషయం బయటపడదు. మీ పట్టిక అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేది ఇందుకే.

3. పాత స్కాన్‌తో పోల్చారో లేదో తేల్చుకోండి

కంపారిజన్ వరుస ఖాళీగా ఉంటే, పాత డైకామ్ ఫైళ్లు తీసుకుని స్కాన్ సెంటరుకు వెళ్లి, రెండింటినీ పోల్చి అనుబంధ రిపోర్టు ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. దీన్ని ‘అడెండమ్’ అంటారు. అది అడిగే హక్కు మీకుంది, మళ్లీ స్కాన్ అక్కర్లేదు. నేను పోగొట్టుకున్న ఆరు వారాలు ఇలా పోయినవే. పాత సీడీ స్కాన్ రోజున నా సంచిలోనే ఉంది; ఇమ్మని వాళ్లు అడగలేదు, ఇవ్వాలని నాకు తెలియలేదు. చివరికి పోల్చి చూస్తే ఆ మచ్చ చికిత్సకు ముందు తీసిన స్కాన్‌లోనూ అంతే పరిమాణంలో ఉంది.

ప్రత్యామ్నాయం: పాత బొమ్మలు మీ దగ్గర లేకపోతే, అప్పట్లో స్కాన్ తీసిన చోట కాపీ అడగండి. చాలా ఆస్పత్రులు ఫైళ్లను కొన్నేళ్లపాటు భద్రపరుస్తాయి. బొమ్మలు అసలే దొరకనప్పుడు పాత రిపోర్టు కాగితమైనా రేడియాలజిస్టుకు చేరనివ్వండి, ఏమీ లేనిదానికంటే అది నయం.

4. స్కాన్‌ను తప్పుదారి పట్టించే విషయాలు రాసివ్వండి

పెట్-సీటీలో వాడే ఎఫ్‌డీజీ ఒక రకం చక్కెర, అది చేరినచోటు బొమ్మలో వెలుగుతుంది. క్యాన్సర్ కణాలు దాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి, నిజమే. వాపు, ఇన్ఫెక్షన్, మానుతున్న గాయం కూడా పీల్చుకుంటాయి. వెలిగిన ప్రతిచోటా జబ్బు ఉన్నట్టు కాదనడానికి కారణం ఇదే. కింది వాటిలో మీకు వర్తించేవి తేదీలతో సహా రాసి డాక్టరుకు ఇవ్వండి.

- స్కాన్‌కు ముందు నెలన్నరలో వచ్చిన జలుబు, న్యుమోనియా, పంటి చీము, ఏదైనా ఇన్ఫెక్షన్. ఎప్పుడైనా వచ్చిన క్షయ.
- టీకా, ఏ చేతికి వేశారో సహా. 2021లో కోవిడ్ టీకాలు విస్తృతంగా వేసినప్పుడు, టీకా వేసిన వైపు చంకలోని గ్రంథులు ఉబ్బి స్కాన్లలో వెలిగి చాలామందిని కలవరపెట్టాయి.
- ఆపరేషన్, బయాప్సీ, పడి దెబ్బ తగలడం. విరిగి అతుక్కుంటున్న పక్కటెముకా, అరిగిన కీలూ బోన్ స్కాన్‌లో మెరుస్తాయి.
- రేడియేషన్. ఛాతీకి ఇచ్చినచోట ఊపిరితిత్తిలో వాపు కొన్ని నెలల తర్వాత కూడా కనిపిస్తుంది. మెదడుకు ఇచ్చినచోట మొదటి మూడు నెలల్లో జబ్బు పెరిగినట్టు భ్రమ కలిగించే మార్పు రావచ్చు. రేడియేషన్ వల్ల కణజాలం చచ్చిపోయిన చోటు కూడా గడ్డలాగే కనిపించవచ్చు.
- తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్లు (ఎముక మజ్జ అంతా వెలుగుతుంది), మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ (పేగులు వెలుగుతాయి).
- ఇమ్యునోథెరపీ, అంటే రోగనిరోధక శక్తిని క్యాన్సర్‌పైకి ఉసిగొల్పే మందులు. వీటితో గడ్డ ముందు ఉబ్బి తర్వాత తగ్గడం కొందరిలో జరుగుతుంది. ఈ చికిత్సలో గడ్డ పెరిగిందో తగ్గిందో తేల్చడానికి 2017లో వచ్చిన ఐరెసిస్ట్ ప్రమాణాలు అందుకే, మొదటిసారి పెరిగినట్టు కనిపిస్తే 4 నుంచి 8 వారాల్లో మళ్లీ చూసి నిర్ధారించుకోమంటాయి.

హెచ్చరిక: ఈ జాబితాలో ఒకటి మీకు సరిపోయిందని ‘అయితే అదే కారణం’ అని తీర్మానించుకోవద్దు. జలుబు చేసినవారికి జబ్బు తిరగబెట్టకూడదన్న నియమమేమీ లేదు. ఈ వివరాలు డాక్టరు చేతికి చేరడం ముఖ్యం, తీర్పు ఆయనది.

5. డాక్టరును ఈ ప్రశ్నలు అడగండి, జవాబులు రాసుకోండి

‘కంగారు పడొద్దు’ అన్న మాటతో గది నుంచి బయటికి రాకండి. అది ఓదార్పే కానీ జవాబు కాదు.

- ఈ మచ్చ ఏమేమి కావచ్చు? వాటిలో మీరు దేనికి ఎక్కువ మొగ్గు చూపుతున్నారు, ఎందుకు?
- నాకు వచ్చిన రకం క్యాన్సర్ తిరగబెడితే సాధారణంగా ఈ చోటికే వస్తుందా, ఇలాగే కనిపిస్తుందా?
- మూడు నెలలు ఆగితే ఏం నష్టం? ఆగకుండా ఇప్పుడే బయాప్సీ చేస్తే ఏం నష్టం?
- తర్వాతి స్కాన్‌లో ఎంత మార్పు కనిపిస్తే ఏం చేస్తారు?
- ఆ ఫలితం నాకు ఎవరు చెబుతారు, స్కాన్ అయిన ఎన్ని రోజులకు?

నాలుగో ప్రశ్నను చాలామంది అడగరు, నా దృష్టిలో అదే అన్నిటికంటే విలువైనది. ‘8 మి.మీ. దాటితే బయాప్సీ, అలాగే ఉంటే ఆరు నెలలకు మళ్లీ స్కాన్’ అని ముందే మాట్లాడుకుని ఉంటే, రేపు వచ్చే అంకె మిమ్మల్ని దిక్కుతోచని స్థితిలో పడేయదు.

‘మూడు నెలలే ఎందుకు, వచ్చే వారమే ఇంకో స్కాన్ తీయొచ్చుగా’ అన్న సందేహం అందరికీ వస్తుంది. 6 మి.మీ. ఉన్న గుండ్రని మచ్చ 7.5 మి.మీ. అయిందంటే దాని ఘనపరిమాణం దాదాపు రెట్టింపైనట్టే. అయినా కొలబద్ద మీద తేడా మిల్లీమీటరున్నరే. వారం తర్వాత తీస్తే పెరిగే మచ్చా పెరగని మచ్చా ఒకేలా కనిపిస్తాయి, మీకు మరో అస్పష్టమైన రిపోర్టు చేతికొస్తుంది. ఆ వ్యవధి మీ పట్ల నిర్లక్ష్యంతో పెట్టింది కాదు, పరీక్షలో అదొక భాగం. అయితే వేగంగా పెరిగే రకాల్లో ఈ గడువును ఆరు వారాలకో రెండు నెలలకో తగ్గించడమూ ఉంటుంది. మీది ఏ రకమో అడిగి తెలుసుకోండి.

6. ఉన్న మూడు దారులను పోల్చి చూసుకోండి

మొదటిది ఆగి చూడటం. మచ్చ చిన్నదై, లక్షణాలు లేక, బయాప్సీకి అందని చోట ఉంటే ఎక్కువగా ఎంచుకునేది ఇదే.

రెండోది వేరే రకం స్కాన్. కాలేయంలోని మచ్చను సీటీ తేల్చలేనప్పుడు కాంట్రాస్ట్‌తో (బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే మందు) ఎంఆర్‌ఐ చాలాసార్లు తేలుస్తుంది. తిత్తి అనిపిస్తే అల్ట్రాసౌండే సరిపోవచ్చు. ఇక్కడ బాగా ప్రచారంలో ఉన్న ఒక అపోహను పక్కన పెట్టాలి: ‘పెట్ తీయించేస్తే తేలిపోతుంది’ అన్నది అన్నివేళలా నిజం కాదు. ఊపిరితిత్తిలో 8 మి.మీ. కంటే చిన్న నాడ్యూల్ విషయంలో పెట్ ఫలితం నమ్మదగినది కాదు. వెలగకపోయినంత మాత్రాన మంచిదని చెప్పలేరు. ఒక మెషీన్ మీద వచ్చిన ఎస్‌యూవీ అంకెను (మచ్చ ఎంత వెలిగిందో చెప్పే కొలత) మరో మెషీన్ మీద వచ్చిన దానితో నేరుగా పోల్చడమూ సరికాదు. రక్తంలో చక్కెర, శరీర బరువు, ఇంజెక్షన్ ఇచ్చిన ఎంతసేపటికి బొమ్మ తీశారన్నది, ఇవన్నీ ఆ అంకెను మారుస్తాయి.

మూడోది బయాప్సీ. జవాబు నేరుగా ఇవ్వగలిగేది ఇదే, కానీ ఊరికే చేసేది కాదు. ఊపిరితిత్తిలోకి సూది వెళితే చుట్టూ గాలి చేరే ప్రమాదం ఉంది, మచ్చ మరీ చిన్నదైతే సూది పక్కకు పోవచ్చు. రిపోర్టు వచ్చాక ఒక తేడా గుర్తుంచుకోండి: ‘క్యాన్సర్ కణాలు కనిపించలేదు, మంటవల్ల వచ్చిన వాపు ఉంది’ అన్నది జవాబు, ‘సరిపడా కణజాలం రాలేదు’ అన్నది జవాబు కాదు, బయాప్సీ జరగనట్టే లెక్క. ఈ రెండింటినీ ‘నెగెటివ్’ అన్న ఒక్క మాటతో ఇంట్లో చెప్పేసుకుని ఊపిరి పీల్చుకున్నవారిని నేను చూశాను.

ఇంటర్నెట్‌లో ఊపిరితిత్తి నాడ్యూళ్ల గురించి వెతికితే ‘6 మి.మీ. లోపు ఉంటే ఫాలో-అప్ అక్కర్లేదు’ అని కనిపిస్తుంది. అది ఛాతీ రేడియాలజీ నిపుణుల సంఘమైన ఫ్లైష్నర్ సొసైటీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల నుంచి వచ్చిన మాట. ఆ మార్గదర్శకాలు క్యాన్సర్ ఉన్నట్టు తెలిసినవారికి వర్తించవని అందులోనే ఉంది. మీ లెక్క మీ ఆంకాలజిస్టే వేయాలి.

7. రెండో అభిప్రాయం తీసుకుంటే ఇలా తీసుకోండి

రిపోర్టు కాగితం మరో డాక్టరుకు చూపించడం రెండో అభిప్రాయం కాదు. ఆయన అదే కాగితాన్ని మళ్లీ చదువుతారంతే. బొమ్మలను ఆ అవయవంలో అనుభవమున్న మరో రేడియాలజిస్టు చేత చదివించండి, మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసివ్వండి: ‘కుడి ఊపిరితిత్తి కింది భాగంలోని 6 మి.మీ. మచ్చ చికిత్సకు ముందు స్కాన్‌లో ఉందా?’ అన్నంత సూటిగా. మీ కేసును ట్యూమర్ బోర్డులో, అంటే సర్జన్, రేడియాలజిస్టు, పేథాలజిస్టు, ఆంకాలజిస్టు కలిసి కూర్చునే సమావేశంలో పెట్టమని కూడా అడగవచ్చు. ఇద్దరి అభిప్రాయాలూ వేరైతే మూడో వ్యక్తి దగ్గరికి పరిగెత్తకుండా, ఆ రెండింటినీ మీ డాక్టరు ముందు పెట్టి తేడా ఎక్కడుందో చెప్పమనండి. నాలుగు అభిప్రాయాలు పోగైతే మిగిలేది నాలుగు అస్పష్టతలే.

8. మధ్యలో ఉన్న రోజులను గడపడం

ముందు తేదీ ఖరారు చేసుకోండి. ‘మూడు నెలల తర్వాత’ అన్నది తేదీ కాదు. స్కాన్ బుకింగు, ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో డాక్టరు అపాయింట్‌మెంటు, ఈ రెండూ ఇప్పుడే రాయించుకోండి. సగం ఆందోళన ‘ఎవరైనా మర్చిపోతే’ అన్న దాని నుంచే పుడుతుంది.

లక్షణాలను వారానికి ఒక్కసారి, ఒకే రోజున రాయండి. రోజుకు నాలుగుసార్లు ఒంటిని తడుముకుంటే ప్రతి నొప్పీ కొత్తదే అవుతుంది. మెడలోనో చంకలోనో గ్రంథి తగులుతుంటే మాటిమాటికీ నొక్కవద్దు. నొక్కుళ్లకే అక్కడ నొప్పి పుడుతుంది, ఆ నొప్పి చూసి మళ్లీ భయం పుడుతుంది.

భయాన్ని పూర్తిగా ఆపుకోవాలని చూడకండి, అది కుదరదు. దానికి ఒక వేళ కేటాయించండి: సాయంత్రం ఇరవై నిమిషాలు, పుస్తకం ముందు పెట్టుకుని, మనసులో తిరుగుతున్నవన్నీ రాయడం. ‘దీనికి నేను చేయగలిగింది ఉంది’ అన్నవి ఒక వైపు, ‘స్కాన్ రోజు దాకా ఎవరూ చెప్పలేరు’ అన్నవి మరో వైపు. రాత్రి రెండింటికి అదే ఆలోచన వస్తే, రేపటి ఇరవై నిమిషాలకు వాయిదా వేయడం కొద్ది రోజుల్లో అలవాటవుతుంది. అందరికీ ఇది పనిచేయదు. కొందరికి నడక, కొందరికి చేతి నిండా పని మేలు. రెండు వారాలు దాటినా నిద్ర పట్టక, తిండి సహించక, పనులు సాగకపోతే క్యాన్సర్ రోగులను చూసే మానసిక వైద్యులను కలవండి. ఫాలో-అప్ స్కాన్ల భయం వారికి రోజూ ఎదురయ్యేదే, మీరు వివరించి ఒప్పించవలసిన అవసరం ఉండదు.

ఇంట్లో వాళ్లకు చెప్పడానికి ఒక వాక్యం సిద్ధం చేసుకోండి: ‘చిన్న మచ్చ కనిపించింది, అదేమిటో ఇప్పుడు తెలియదు, ఫలానా తేదీకి మళ్లీ చూస్తారు.’ అడిగిన ప్రతివారికీ ఇదే వాక్యం. దాన్ని మించి ఎవరితో మాట్లాడాలన్నది మీ ఇష్టం.

చేయకూడనివి రెండున్నాయి. ఎవరో చెప్పారని కొత్త మూలికలు, మాత్రలు మొదలుపెట్టవద్దు. జుట్టుకని వేసుకునే బయోటిన్ కూడా మోతాదు ఎక్కువైతే కొన్ని రక్తపరీక్షల విలువలను తారుమారు చేస్తుంది. ఒక్కసారి పెరిగిన ట్యూమర్ మార్కర్‌ను చూసి తీర్పు చేసుకోవద్దు. పొగతాగేవారిలో సీఈఏ మామూలుగానే కొంత ఎక్కువ ఉంటుంది, ఏ మార్కరైనా మళ్లీ చేయించి వరుసగా పెరుగుతోందో లేదో చూస్తారు.

9. మళ్లీ స్కాన్‌కు వెళ్లేటప్పుడు

వీలైతే అదే సెంటరు, అదే మెషీన్, అదే పద్ధతి. గతంలో కాంట్రాస్ట్ ఇచ్చి ఉంటే ఇప్పుడూ ఇస్తారా అని అడగండి. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష ఫలితాన్నీ, అలర్జీ ఉంటే ఆ సంగతినీ ముందే చెప్పండి. పాత ఫైళ్లను ఈసారి కౌంటరులో కాక, స్కాన్ చేసే టెక్నీషియన్ చేతికే ఇచ్చి, ‘పోల్చి చూడమని చెప్పండి’ అనండి.

పెట్-సీటీ అయితే 4 నుంచి 6 గంటలు ఏమీ తినకుండా, మంచినీళ్లు మాత్రం తాగుతూ ఉండమంటారు. చక్కెర 200 మి.గ్రా. దాటితే చాలా సెంటర్లు స్కాన్ వాయిదా వేస్తాయి. ముందు రోజు బరువులెత్తే వ్యాయామం మానండి, లేకపోతే కండరాలు వెలుగుతాయి. ఒంటి మీద వెచ్చని బట్టలుండాలి. చలికి మెడ, భుజాల దగ్గరి గోధుమరంగు కొవ్వు పనిచేయడం మొదలుపెట్టి, గ్రంథులు వెలిగినట్టు కనిపిస్తుంది. మెట్‌ఫార్మిన్ ఆపాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి, మీరుగా ఆపవద్దు.

రిపోర్టు ఫోన్‌కే వచ్చే పద్ధతి ఉంటే, దాన్ని ఒంటరిగా తెరుస్తారా, డాక్టరు ముందు తెరుస్తారా అన్నది స్కాన్‌కు ముందే నిర్ణయించుకోండి. సెలవు రోజుకు ముందు సాయంత్రం తెరిస్తే, అడగడానికి ఎవరూ దొరకని రెండు రోజులు మీ ముందుంటాయి.

10. ఫలితాన్ని ఎలా సరిచూసుకోవాలి

కొత్త అంకెను పట్టికలో రాసి, ముందుదానితో పాటు అన్నిటికంటే పాతదానితో కూడా పోల్చండి. కంపారిజన్ వరుసలో సరైన తేదీలున్నాయా, కుడి ఎడమలు తారుమారు కాలేదా, పోయినసారి చెప్పిన మచ్చ గురించి ఈసారి అసలు ప్రస్తావన ఉందా అన్నది చూడండి. ప్రస్తావనే లేకపోతే మాయమైందని అనుకోకండి. చెప్పడం మరిచిపోయి ఉండవచ్చు. మూడో అంచెలో చెప్పినట్టే అడెండమ్ అడగండి.

మచ్చ తగ్గిందీ, పోయిందీ అంటే అది చాలావరకు వాపో ఇన్ఫెక్షనో అయి ఉంటుంది. మధ్యలో మీరు ఏదైనా చికిత్సలో ఉంటే మాత్రం ఈ లెక్క మారుతుంది. పెరిగిందంటే, ఐదో అంచెలో అనుకున్న ప్రకారం తర్వాతి పని అదే రోజు మొదలవ్వాలి: బయాప్సీ ఎప్పుడు, ఎవరు చేస్తారు. మారలేదంటే అది ఊరటే, అయినా ఒక్క స్కాన్‌తో పుస్తకం మూసేయరు. ఊపిరితిత్తిలో గట్టి నాడ్యూల్ రెండేళ్లపాటు మారకపోతే హానిలేనిదిగా భావించడం మామూలు, పొగపట్టిన గాజులా మసకగా కనిపించే రకాన్ని అంతకంటే ఎక్కువ కాలం చూస్తారు. మళ్లీ ‘చెప్పలేం’ అనే వస్తే, అదే స్కాన్‌ను అదే విధంగా ఇంకోసారి తీయడం వల్ల కొత్తగా ఏం తెలుస్తుందో అడగండి. వేరే స్కాన్, బయాప్సీ, ట్యూమర్ బోర్డు, ఈ మూడింటిలో ఏది ఎందుకు వద్దంటున్నారో రాసుకుని, పట్టికలో తర్వాతి వరుసకు తేదీ వేయించుకుని బయటికి రండి.